సముద్రం మూసిన మనిషి

ఫోను నోటి దగ్గర పెట్టుకుని దాలయ్య మూడోసారి మొదలెట్టాడు. "ఊరి జనాలందరికీ దాలయ్య సెప్పేదేటంటే..." అన్నాడో లేదో, కంచరపాలెం పట్టాల మీద గూడ్సు బండి కూత పెట్టింది. మేడమీద గది కిటికీ ఊచలు గలగల్లాడాయి. పరారీలో ఉన్న మనిషి మెసేజీలో రైలు కూత వినిపిస్తే పోలీసులకి ఇంక అడ్రసు వేరే ఇవ్వాలా? చెరిపేశాడు. బండి వెళ్లేదాకా గోడకి జారబడి పెట్టెలు లెక్కపెట్టాడు. సముద్రం మీద బతికిన మనిషికి ఈ నాలుగు రోజుల్లో అబ్బిన కొత్త విద్య అదొక్కటే.

"ఎన్ని బావా?" కిందనుంచి గురునాథరావు అరిచాడు.

"యాబయ్యెనిమిది."

"ఇనప రాయి. మా ప్లాంటుకే."

గురునాథరావు స్టీలు ప్లాంటులో ముప్ఫై ఏళ్లు క్రేను నడిపి నిరుడు దిగిపోయిన మనిషి. ప్లాంటు ధర్నాలకి దాలయ్య తన ఊరు పాతరేవుపేట జనాన్ని లారీల్లో తెచ్చి కూర్చోబెట్టిన రోజుల నుంచీ అతనికి స్నేహితుడు. కులం వేరు, ఊరు వేరు, అయినా బావ అంటే బావే. సోమవారం పొద్దున్న ఐసు వ్యాను ఇంటి ముందు ఆగి, ఐసు పెట్టెల మధ్య నుంచి టార్పాలిన్ కప్పుకున్న మనిషి వణుకుతూ దిగితే, ఎందుకని అడగలేదు. "ముందు టీ తాగు, గెడ్డకట్టీసినావు" అని మేడ మెట్లు చూపించాడు.

నాలుగోసారి రికార్డింగు కుదిరింది. "ఆదివారం నాడు ఊరంతా ఓటేసి జెట్టీకి ఒడ్డు ఇవ్వం అన్నాం. ఆపీసోల్లు కాయితం ఎనక్కి తీసుకునీదాకా ఒక్క తెప్ప నీటిలోకి దిగకూడదు. సంద్రం మూసీసినాం. కట్టు అంటే కట్టే." మీట నొక్కి, తమ్ముడి వరసైన సింహాద్రి కూతురు యశస్వినికి పంపాడు. రోజూ పొద్దున్నే ఆ పిల్ల దాన్ని గంగమ్మ గుడి మైకులో వేస్తుంది. గొంతు ఊళ్లో, మనిషి కంచరపాలెంలో.

ఆ ఓటు తలుచుకుంటే దాలయ్యకి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. జెట్టీ కోసం ఊరు ఒడ్డు వదులుకోవడానికి ఒప్పుకుందని ఆఫీసులో ఒక కాగితం ఉంది. దాని మీద వేలిముద్రల్లో చచ్చిపోయినవాళ్లవి పదిహేడు. అది చూసి, ఊళ్లో గుంపులు కూడరాదన్న ఆర్డరు తలుపులకి అంటించి ఉండగానే, వలలకి రంగు అద్దే పెద్ద తొట్టిని గుడి ముందుకి దొర్లించి నీళ్లు నింపారు. ఇంటికి ఒక ఓటు. ఇవ్వం అంటే నీటి మీద తేలే వల బెండు, ఇస్తాం అంటే మునిగే సీసపు గుండు. నాలుగొందల ఇళ్లు వరసకట్టాయి. సాయంత్రానికి తొట్టిలో నీళ్లు కనిపించలేదు, అన్నీ బెండ్లే. అడుగున సీసపు గుండ్లు తొమ్మిది. లెక్కపెట్టే పని కూడా లేకపోయింది. ఆ ఊపులో దాలయ్య అరుగెక్కి చెయ్యెత్తి, "ఈ రోజు నుంచి సంద్రం మూసీసినాం!" అనేశాడు. జనం ఈలలు వేశారు. దానికి ఎవరూ ఓటు వెయ్యలేదన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు, దాలయ్యకి అసలే తట్టలేదు.

తెల్లారేసరికి పోలీసులొస్తారని కబురొచ్చింది. లాయరు అనూరాధ ఫోను చేసి, బెయిలు సంగతి వారం రోజుల్లో తేలుతుంది, అందాకా చేతికి చిక్కకండి అంది. "నువ్వు బయటుండు అన్నా. నాను లోపలికెల్తాను. ఇద్దరం లోపలుంటే ఊరికి నోరుండదు" అన్నాడు సింహాద్రి. ఐసు వ్యాను ఎక్కించి, టార్పాలిన్ సర్ది, పైన రెండు బుట్టలు కూడా పెట్టి మరీ పంపాడు. గంట తర్వాత సింహాద్రిని, ఇంకో పదకొండు మందిని తీసుకుపోయారు. అప్పటి నుంచి దాలయ్యకి కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది.

మధ్యాహ్నం సుధారాణి భోజనానికి పిలిచింది. గురునాథరావు భార్య ఆవిడ, వండితే ఊరికి సరిపడా వండుతుంది. వంజరం పులుసు. ముక్క విరిస్తే పొరలు పొరలుగా విడుతోంది. దాలయ్య తలెత్తకుండా తిన్నాడు. రెండోసారి వడ్డించాక గానీ నోటికి మాట రాలేదు.

"ఎక్కడిదమ్మా ఈ సేప?"

"పూర్ణా మార్కెట్‌లో అన్నయ్యా. ఐసు సేప, కాకినాడ నుంచి ఒచ్చిందట. మీ ఒడ్డు సేప దొరకడం నేదు కదా."

చెయ్యి కంచంలో ఆగింది. పాతరేవుపేటలో ఇవాళ్టికి నాలుగు రోజులుగా చేప ముక్క ఉడకలేదు. ఆ కట్టు కట్టింది తను. మిగిలిన అన్నం వదిలేసి లేచిపోదామనుకున్నాడు. లేవలేదు. ముల్లు తీసి పక్కన పెట్టి, తినేశాడు. ఆకలి కన్నా సిగ్గుమాలింది ఇంకోటి లేదు.

చెయ్యి కడుక్కుంటుండగా యశస్విని ఫోను.

"పెదనాన్న, రాము మావ పొద్దున్న తెప్పేసుకుని ఎల్లిపోనాడు. తిరిగి ఒచ్చీసరికి కుర్రోళ్లు పట్టుకున్నారు. రెండు బుట్టల కవ్వల సేపలు. ఏటి సెయ్యమంటారు?"

దాలయ్యకి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఎవరో తనని ఏదో అడిగారు. లేచి నిలబడి, అరుగు మీద ఉన్నట్టే చెయ్యి ఊపుతూ చెప్పాడు. "వల లాక్కోండి. సేపలు తిరిగి సంద్రంలో పారబోయండి. ఆడి ఇంటికి నిప్పూ నీరూ బందు. ఎవులూ మాటాడకూడదు. వలలో ఒక కన్ను తెగిందని ఊరుకుంటే వలంతా పోతాది."

"ఆడి కూతురు పురిటికొచ్చి ఉంది పెదనాన్న."

"కట్టు అంటే కట్టే."

ఆ పిల్ల "సరే" అని పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా భార్య పోతమ్మ ఫోను చేసింది. ఆవిడ ఫోనులో కూడా ఒడ్డున మాట్లాడినట్టే అరుస్తుంది. దాలయ్య ఎప్పుడూ ఫోను చెవికి జానెడు దూరం పెట్టి వింటాడు.

"ఏటి తిన్నావు?"

"పప్పు."

"ఒట్టి పప్పేనా?"

"నేకపోతే ఏటి, ఊరంతా పస్తుంటే నాను సేపలు తింటానా?" అన్నాడు, అనవసరంగా గొంతు పెంచి.

పోతమ్మ మాట మార్చింది. "రాము పెల్లాం బిందె పట్టుకుని కుళాయి కాడ నిలబడితే అందరూ మొకం తిప్పుకున్నారు మావా. నానూ తిప్పుకున్నాను. నీ మాట కదాని." ఆ చివరి మాట ఆవిడ గట్టిగా అనలేదు. అందుకే దాలయ్యకి రాత్రంతా అదే వినిపించింది.

శుక్రవారం పదింటికి యశస్విని ఫోటోలు పంపింది. మాట లేదు, ఫోటోలే. ఒడ్డున ఇసకలో, వలలు ఆరేసే చోట, పసుపు రంగు పూసిన హద్దు రాళ్లు. ఒకటి, రెండు, మూడు, నీటి గట్టు దాకా వరస. సర్వే వాళ్లు పొద్దున్నే వచ్చి పాతి వెళ్లారట. ఏడాదిగా వాళ్లు వస్తూనే ఉన్నారు, ఏనాడూ ఒక్క రాయి పాతలేకపోయారు. వస్తే ఎక్కడ కాలు పెడతారు? ఈ చివర నుంచి ఆ చివరకి వలలు పరిచి ఉంటాయి, తెప్పలు అడ్డంగా ఉంటాయి, వల తొక్కావని ఆడవాళ్లు ఏడు తరాలూ తవ్వి తిడతారు. ఇప్పుడు వలలన్నీ మడతపెట్టి ఇళ్లలో ఉన్నాయి. ఒడ్డు ఊడ్చినట్టుంది.

దాలయ్య ఆ ఫోటోని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూశాడు. గురునాథరావు కళ్లజోడు పెట్టుకుని భుజం మీదుగా తొంగి చూశాడు. నోరు ఊరుకునే మనిషి కాదు.

"ఒకటి అడుగుతాను, కోప్పడకు బావా. మేం ఫర్నేసు ఆపుతామంటే ఢిల్లీ దాకా సెగ తగుల్తాది. మీరు వల ఆపితే ఎవుడికి తగిలింది? సేపలకి పండగ."

"నీ ప్లాంటు బుద్దులు నాకు సెప్పకు!"

"నానెక్కడ సెప్పినాను? నువ్వే మా టెంటులో కూకుని నేర్సుకెల్లావు. స్ట్రైకు అంటే పని ఆపడమే అనుకున్నావు. పనాపితే ఎవుడికి నొప్పో సూసుకోవాల్నా, అక్కర్నేదా?"

దాలయ్య చెప్పులేసుకుని మెట్లు దిగాడు, వీధి గుమ్మం దాకా వెళ్లాడు, ఎదురుగా కిళ్లీ బడ్డీ దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న ఎవడో కనిపిస్తే వెనక్కి వచ్చాడు. వాడు హోంగార్డు కూడా కాదు, స్కూలు వ్యాను డ్రైవరు. ఆ సంగతి తర్వాత తెలిసింది. మేడమీద పదడుగుల గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగాడు. బావ మాట నిజమని తెలుస్తూనే ఉంది. తెలిసిన కొద్దీ బావ మీదే మంట పుట్టింది. సాయంత్రం ఇంకో మెసేజీ పెట్టాడు. రాళ్లని చూసి భయపడకండి, కట్టు వదలకండి అని. గొంతు తనదే, ఎందుకో తనకే నచ్చలేదు.

శనివారం తెల్లారాక ఇక ఆ గదిలో ఉండలేకపోయాడు. మూతికి మాస్కు, తలకి తువ్వాలు చుట్టుకుని, గురునాథరావు స్కూటరు వెనక కూర్చుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లాడు. "కూరగాయలు కొని ఒచ్చీడమే. సేపల వైపు ఎల్లొద్దు" అని గురునాథరావు ముందే షరతు పెట్టాడు. వంకాయలు ఏరుతూ అతను తలెత్తేసరికి పక్కన మనిషి లేడు.

దాలయ్య కాళ్లు వాటంతటవే వాసన పట్టుకుని వెళ్లాయి. లారీ దగ్గర ఐసు పెట్టెలు దింపుతున్నారు. చుట్టూ బుట్టల ఆడవాళ్లు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఐసు నీళ్లలో నిలబడి, ఒక పెట్టె మీద నలుగురు చేతులు వేసి బేరమాడుతున్నారు. అందులో ఎత్తయిన గొంతు పోతమ్మది. ఫోను లేకుండానే ఇంత దూరం వినిపిస్తోంది.

ఊళ్లో చేప లేక, ఊరి ఆడవాళ్లు ఎవరిదో ఊరి చేప కొని వీధుల్లో అమ్ముకుంటున్నారు. ఈ మాట ఫోనులో ఒక్కరూ చెప్పలేదు. చెబితే, అదీ బందు అంటాడని భయపడ్డారేమో. పోతమ్మ పక్కన ఇంకో మనిషి ఉంది. ఇద్దరిదీ ఒకటే బుట్ట. ఆ మనిషి వంగి లేచినప్పుడు దాలయ్య పోల్చుకున్నాడు. కామేశ్వరి, రాము పెళ్లాం. నిప్పూ నీరూ బందన్న ఇంటి మనిషి.

దాలయ్య రెండడుగులు ముందుకి వేశాడు. పోతమ్మ తలెత్తింది. మాస్కు, తువ్వాలు ఆవిడకి ఒక లెక్కా? ముప్ఫై రెండేళ్ల కాపురం. కళ్లు కళ్లు కలిశాయి. ఆవిడ మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఏటి బాబూ అలగ సూత్తన్నావు? ఐసు సేప. కొంటే కొను, నేకపోతే దారిడు."

చుట్టుపక్కల పోలీసులుంటారేమోనని అలా అందా, లేక నిజంగానే దారి ఇమ్మందా, దాలయ్యకి తెలియలేదు. పక్కకి తప్పుకున్నాడు. పోతమ్మ బుట్ట ఒకవైపు పట్టింది, కామేశ్వరి రెండోవైపు. ఊఁ అని ఎత్తి కామేశ్వరి నెత్తిన పెట్టి, జారిన చుట్టకుదురు సరిచేసింది. ఐసు నీళ్లు కామేశ్వరి మెడ మీదుగా కారుతుంటే పోతమ్మ తన కొంగుతో తుడిచింది. ఇద్దరూ మళ్లీ వెనక్కి చూడకుండా జనంలో కలిసిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి యశస్విని ఫోను వచ్చింది. వెనకాల గోలగా ఉంది, నవ్వులు కూడా వినిపిస్తున్నాయి.

"పెదనాన్న, మళ్లీ తొట్టి పెట్టినాం."

"ఎవులు పెట్టమన్నారు?"

"ఎవులూ అన్నేదు. మద్దేన్నం ఆడోళ్లందరం గుడి కాడ కూకున్నాం, అలగే అనుకున్నాం. సంద్రం తెరవాలంటే బెండు, మూసి ఉంచాలంటే గుండు."

దాలయ్య మంచం పట్టె పట్టుకున్నాడు. "మన ఇంటి ఓటు?"

"పెద్దమ్మ ఏసింది."

"ఏటేసింది?"

"బెండే పెదనాన్న. ముందు ఆవిడే ఏసింది. ఏటందంటే, తాళమేసిన కొంపలోనే దొంగలు దూరతారు, ఇంట్లో పొయ్యి ఎలుగుతుంటే ఎవుడొత్తాడు అంది. ఒడ్డు మనదంటే ఒడ్డున మనముండాలి అంది. రేపు తెల్లారీసరికి ఊరంతా కలిసి పెదవల ఏత్తన్నాం. ఆ రాళ్ల మీంచే తాళ్లు లాగుతాం. పోలీసుల బయానికి మగోళ్లు తక్కువగా ఉన్నారని ఆడోళ్లమే పట్టుకుంటాం. రాము మావ వల కూడా ఇచ్చీసినారు."

"మరి నాను నిన్న సాయంత్రం పెట్టిన మెసేజీ?"

"అది... మైకులో ఎయ్యలేదు పెదనాన్న. తీరిక నేకపోనాది."

ఎదిరించి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. తీరిక లేకపోయింది అనేసరికి దాలయ్య ఫోను పెట్టేశాడు. ఇంత చేశాను, నా ఊరు నన్ను తీసి పారేసింది అని కోపం వచ్చింది. నా ఇంటి బెండే నా మీద పడిందని ఏడుపు వచ్చింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు గూడ్సు బండ్లు వెళ్లాయి, లెక్కపెట్టలేదు. చాలాసేపటికి, వద్దన్నా ఇంకో ఆలోచన వచ్చి పక్కన కూర్చుంది. ఊరికి నోరుండాలని తను బయటికొచ్చాడు. ఊరికి నోరు ఉంది. తను లేనప్పుడే అది బాగా వినిపిస్తోంది. ఈ మాట ఎవరితోనూ అనలేడు గానీ, సిగ్గుతో పాటు ఎక్కడో కొంచెం గర్వంగా కూడా ఉంది.

అనూరాధకి ఫోను చేసి రేపు వెళ్తానన్నాడు. ఆవిడ మొత్తుకుంది. "సోమవారం హియరింగండీ! ఒక్క రోజు ఆగండి. ఇప్పుడు దొరికితే బెయిలు నెల రోజులు వెనక్కి పోతుంది."

"తెలుసమ్మా" అన్నాడు.

"తెలిసి ఎందుకు వెళ్తున్నారు?"

"రేపు పెదవల. సేతులు తక్కువున్నాయంట" అన్నాడు.

ఆదివారం ఎండ పడేసరికి గురునాథరావు స్కూటరు హార్బరు దాటి పాతరేవుపేట మలుపులో ఆగింది. దిగాక గురునాథరావు అడిగాడు. "ఎల్లి ఏటి సెప్తావు బావా?"

"ఏమో" అన్నాడు దాలయ్య. మాస్కు తీసి జేబులో పెట్టుకుని ఇసకలోకి దిగాడు.

ఒడ్డు నిండా జనం. పడవ వల వదిలేసి తిరిగొచ్చింది. నీళ్లలో బెండ్ల వరస అర్ధచంద్రంలా తేలుతోంది. రెండు తాళ్లు, ఒక్కో తాడుకి నలభై మంది. చాలామంది ఆడవాళ్లే. మడమలు ఇసకలో దిగేసి, వెనక్కి వాలి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నారు. తాళ్లు పసుపు రాళ్ల మీదుగా ఒరుసుకుంటూ వస్తున్నాయి. రెండు రాళ్లు అప్పటికే ఒరిగి ఉన్నాయి.

తనని చూసి అందరూ తాళ్లు వదిలి వస్తారని దాలయ్య అనుకోలేదు. కానీ ఒక్కరైనా పిలుస్తారనుకున్నాడు. చూశారు. కొందరు తల పంకించారు. చేతులు ఖాళీ లేవు. వల వైపు చూసేసరికి, పాత అలవాటు, గొంతు దానంతటదే లేచింది. "కుడి తాడు బిగించండి! ఎడం వదులు!"

ఒక్కరూ కదల్లేదు. కుడి తాడు మొదట్లో మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ పోతమ్మ వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి కిందకి దించింది. కుడి తాడు వదిలారు, ఎడం తాడు లాగారు. వంకరగా వస్తున్న బెండ్ల వరస మెల్లగా సరైంది. దాలయ్య నీళ్ల వైపు మళ్లీ చూశాడు. నీటి వాటం మారింది. తను వెళ్లేటప్పుడు నీరు ఉత్తరానికి లాగేది, ఇప్పుడు దక్షిణానికి లాగుతోంది. ఈ వారంలో ఏనాడో మారి ఉంటుంది. కంచరపాలెంలో ఎలా తెలుస్తుంది?

తాడు చివరికి నడిచాడు. ఆఖరున రాము ఉన్నాడు. లాగిన తాడుని చుట్టలు చుడుతూ లాగుతున్నాడు. దాలయ్య వచ్చి వెనక నిలబడితే ఒక అడుగు ముందుకి జరిగి, జానెడు తాడు వదిలాడు. దాలయ్య పట్టుకున్నాడు. వారం రోజులు మెత్తబడ్డ అరచేతుల్లో ఉప్పు తాడు చురుక్కుమంది.

"రాము, నీ వల సంగతి నాను అలగ..."

"తాడు వదులుగుంది బావా. లాగు" అన్నాడు రాము.

లాగాడు. అరగంట గడిచిందో లేదో, ఇసకలో బూట్ల చప్పుడయింది. ఎస్సై, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. ఎస్సై పాతికేళ్ల కుర్రాడు, ఇసక నిండిన బూట్లతో విసుగ్గా ఉన్నాడు. దాలయ్య పక్కన నిలబడి, ఫోనులో ఫోటో చూసి, మొహం చూశాడు.

"పద దాలయ్యా."

దాలయ్య తాడు వదలబోయాడు. ముందు నుంచి ముసలి సన్యాసమ్మ గద్దించింది. "ఓలమ్మో, తాడు పట్టిన సెయ్యి వల ఒడ్డెక్కకుండా ఒగ్గుతావేటి? గంగమ్మ ఊరుకుంటాదా?" తర్వాత ఎస్సై వైపు తిరిగి, "బాబూ, మడిసెక్కడికీ పోడు. నాలుగొందల ఇల్లు ఈ తాడు మీద ఉన్నాయి. మద్దిలో ఒకడొగ్గితే వల తిరగబడిపోతాది. నువ్వు కూడా సెప్పులిప్పి ఓ సెయ్యెయ్యి, బేగి అయిపోతాది" అంది. తాడు పొడుగునా నవ్వులు లేచాయి.

కానిస్టేబుళ్లలో పెద్దవాడు ఒడ్డు మనిషే కాబోలు, ఎస్సై చెవిలో ఏదో చెప్పాడు. ఎస్సై సముద్రం వైపు చూశాడు, జనం వైపు చూశాడు, వాచీ చూసుకున్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పెదవల సంచి ఇంకా చాలా దూరంలో, ఎక్కడో అలల అవతల ఉంది.

"ఇంకా ఎంతసేపయ్యా?"

ఆ ప్రశ్న వినగానే దాలయ్యకి అలవాటుగా జవాబు నోటిదాకా వచ్చింది. ఈ ఒడ్డున ఇరవై ఏళ్లుగా ఎవరు ఏం అడిగినా జవాబు అతనిదే. నోరు మూసుకుని, తాడు మొదట్లో నీళ్లలో నిలబడ్డ మనిషి వైపు గడ్డంతో చూపించాడు.

"నన్నడక్కండి బాబూ. ఆయమ్మనడగండి."

ఎస్సై తాడు పక్కనే నడుచుకుంటూ నీటి అంచుదాకా వెళ్లి ఏదో అడిగాడు. పోతమ్మ అతని వైపు చూడలేదు. కళ్లు బెండ్ల మీదే ఉంచి చెయ్యెత్తింది. అందరూ లాగారు. దాలయ్య కూడా లాగాడు.